సుపీరియర్ స్పైడర్‌మాన్: పన్నెండేళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్న కథ, మూడు రాత్రుల్లో చదివేశాను

సాలెగూడు_77

ముందే చెప్తున్నా, కథంతా బయటపెట్టేస్తాను. చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

2012 డిసెంబరులో 'అమేజింగ్ స్పైడర్‌మాన్' 700వ సంచిక వచ్చేటప్పటికి నేను ఇంజినీరింగ్ మూడో ఏడు. పుస్తకం అమ్మకానికి రాకముందే చివరి పేజీలు నెట్లోకి పొక్కాయి. పీటర్ పార్కర్ చచ్చిపోతాడు. అదీ తన ఒంట్లో కాదు, రోగంతో కుళ్లిపోతున్న పాత శత్రువు డాక్టర్ ఆక్టోపస్ ఒంట్లో. ఆ ఆక్టోపస్, అంటే ఓటో ఆక్టేవియస్, పీటర్ ఒంట్లో దూరి లేచి వెళ్లిపోతాడు. మర్నాటి నుంచి స్పైడర్‌మాన్ అంటే వాడే. 2013 జనవరి నుంచి పుస్తకం పేరు కూడా 'సుపీరియర్ స్పైడర్‌మాన్' అయిపోయింది. చిన్నప్పటి నుంచి పెంచుకున్న అభిమానం మీద కాలు వేసి తొక్కినట్టనిపించింది. ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నా, పన్నెండేళ్లు నిలబెట్టుకున్నా కూడా.

పోయిన నెల ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే మొదటి సంపుటి, 'మై ఓన్ వరస్ట్ ఎనిమీ', దొరికింది. 180 రూపాయలు. తిట్టుకోవడానికైనా ఒకసారి చదవాలి కదా అని కొన్నాను. ఆ రాత్రి అయిదు సంచికలూ అయిపోయాయి. మిగతావి డిజిటల్లో కొని, మూడో రాత్రి తెల్లవారుజామున 31వ సంచిక ముగించాను.

నన్ను పట్టుకున్నది 5వ సంచిక. మసాకర్ అని ఒక హంతకుడు. మెదడుకు దెబ్బ తగిలి జాలీ భయం ఏమీ తెలియనివాడు. 2011లో పీటర్ వాణ్ణి చంపకుండా జైలుకు పంపాడు. "నేనుండగా ఎవరూ చావకూడదు" అన్నది అప్పటి పీటర్ పంతం. ఇప్పుడు వాడు తప్పించుకుని మళ్లీ జనాన్ని చంపుతున్నాడు. ఓటో వాణ్ణి పట్టుకుని, వాడి చేతిలోంచి తుపాకి లాక్కుని, తలకు గురిపెడతాడు. ఓటో బుర్రలో మిగిలిపోయిన పీటర్ ఛాయ పక్కనే నిలబడి వద్దు వద్దని అరుస్తుంటుంది, ఎవరికీ వినపడదు. ఓటో పేల్చేస్తాడు. నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. పీటర్ వదిలేశాక వీడి చేతిలో చచ్చినవాళ్ల ఇంటికి వెళ్లి ఓటో చేసింది తప్పని చెప్పగలనా? చెప్పలేను. అలాగని నాకు కావలసిన స్పైడర్‌మాన్ ఇతనేనా? కాదు. నేను ఏళ్ల తరబడి ఇష్టపడిన మనిషిని ఎందుకు ఇష్టపడ్డానో అతను లేని పుస్తకంలో తెలిసింది.

మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

కరీంనగర్_కామిక్స్

అన్నా, నీ మీద గౌరవంతోనే చెప్తున్న, నేనైతే ఒప్పుకోను. 700 నంబరు అంటే మామూలు ముచ్చటనా? 1962ల పుట్టిన మనిషి. యాభై ఏండ్ల పండుగ నాడు ఆయనను చంపి, చంపినోడికి ఆయన బట్టలు తొడిగిచ్చిన్రు. దొంగోడు ఇంట్ల జొర్రి మన అన్న అంగీ ఏసుకొని అమ్మ చేతి బువ్వ తింటుంటే, "చూసినవా, వాడు అన్న కంటె మంచిగ తింటున్నడు" అన్నట్టుంది నాకు. పీటర్‌ను పెంచిన మే అత్త ముందట వాడు కూసున్న బొమ్మ చూసినప్పుడు నా కడుపు రగిలింది. కథ ఎంత మంచిగ రాసినా, మొదటి అడుగే తప్పు. అప్పుడు చదవలేదు, ఇప్పుడు చదవ.

చందమామ_పాతసంచిక

కరీంనగర్ గారూ, మీ కోపం అర్థమైంది. కానీ మనం ఈ కథను కొత్త అఘాయిత్యంలా చూడనక్కర్లేదేమో అనిపిస్తుంది. పరకాయ ప్రవేశం మన ఇళ్లలో చెప్పుకున్న కథే. మా అమ్మమ్మ చెప్పేది: విక్రమార్కుడు తన దేహం వదిలి చిలకలో దూరితే, నమ్మినవాడే మోసం చేసి రాజు దేహంలో దూరి సింహాసనం ఎక్కుతాడు. రాణికి అనుమానం వస్తుంది. రూపం అదే, మనిషి అది కాదని పట్టేస్తుంది. దొంగను దగ్గరకు రానివ్వదు. అటు శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ ఉంది. దేహం మారాక ఆ రాజభోగంలో పడి శంకరులే తన్ను తాను మరిచిపోయాడనీ, శిష్యులు వచ్చి గుర్తుచేయాల్సి వచ్చిందనీ చెప్తారు.

నాకు ఓటో కథ ఈ రెండోదానికి దగ్గరగా అనిపించింది. 700లో పీటర్ చనిపోతూ తన జ్ఞాపకాలన్నీ ఓటో బుర్రలోకి పంపిస్తాడు. తాను వదిలేసిన దొంగ చేతిలో బెన్ బాబాయి చావు, ఆ అపరాధభావం, అన్నీ ఓటో తనకే జరిగినట్టు అనుభవిస్తాడు. దొంగగా దూరినవాడు అక్కడే మొదటిసారి మెత్తబడతాడు. ఒక మనిషి దేహంలోకి దూరితే ఆ మనిషి మంచితనం కూడా అంటుకుంటుందా అన్నదే నాకు కనిపించిన ప్రశ్న. కొంత అంటుకుంది. పూర్తిగా అంటుకోలేదు. 31 సంచికలూ ఆ మధ్యలోనే నడుస్తాయి.

న్యూజెర్సీ_బావ

నేను అప్పుడు ఇక్కడే ఉన్నాను, కొత్తగా వచ్చిన రోజులు. క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు 26న 700 వచ్చింది. వెల 7.99 డాలర్లు. నాకది రెండు పూటల భోజనం. మంచులో నడుచుకుంటూ వెళ్లి కొన్నాను. కొట్లో ఒక పెద్దాయన నిలబడే చివరి పేజీ చదివి, పుస్తకం మళ్లీ అరలో పెట్టేసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. ఆయన మొహం ఇప్పటికీ గుర్తుంది.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. రచయిత డాన్ స్లాట్‌కి అప్పట్లో చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. కథ నచ్చకపోతే కొనకు, తిట్టు, ఉత్తరం రాయి. ఒక కల్పిత మనిషి చావుకోసం బతికున్న మనిషిని బెదిరించడమేమిటి? "పెద్ద శక్తితో పెద్ద బాధ్యత" అని చొక్కాల మీద రాసుకుని తిరిగేవాళ్లే ఆ పని చేశారు. ఆ వారం నాకు నా తోటి అభిమానుల మీద వచ్చిన బాధ, పీటర్ చావు మీద కూడా రాలేదు.

కథ విషయానికొస్తే, అప్పట్లో నెలకు రెండేసి సంచికలు వచ్చేవి. తిడుతూ తిడుతూ అన్నీ కొన్నాను. 14వ సంచికకు వచ్చేసరికి తిట్టడం మానేశానని నాకే తర్వాత తెలిసింది.

లక్ష్మి_చదువరి

అందరూ పీటర్ చావు గురించే మాట్లాడుతున్నారు. నాకు అసలు అభ్యంతరం మేరీ జేన్ దగ్గర. చందమామ గారి కథలో రాణి పట్టేసింది కదా, ఇక్కడ ఆమెకు ఆ తెలివి ఎందుకివ్వలేదు? వేరే మనిషి తన ప్రియుడి దేహంలో కూర్చుని తనతో సరసాలాడుతుంటే ఆమెకు తెలియదు. 2వ సంచిక రాకముందు చాలామంది ఆడవాళ్లు భయపడింది అందుకే. తెలియకుండా ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదు. అది మోసం. ఆ భయం కలిగేలా పుస్తకాన్ని ప్రచారం చేసుకున్నందుకు నాకు ఇప్పటికీ కోపమే.

సంచికలో చివరికి ఓటోనే ఆమెకు దూరంగా జరుగుతాడు, వాళ్ల బంధం తెంచేస్తాడు. అది చదివి ఊపిరి పీల్చుకున్నాను. కానీ పక్కన పీటర్ ఛాయ "హమ్మయ్య" అనుకోవడం చూసి కాస్త చిరాకేసింది. ఆమెకు జరగబోయిన దాని గురించి ఆమెకే తెలియకుండా ఇద్దరు మగాళ్లు తేల్చేసుకున్నట్టుంది.

ఇంత చెప్పి కూడా నేను ఈ కథ రెండుసార్లు చదివాను. ఎందుకంటే ఆనా మరియా.

సాలెగూడు_77

అక్కా, మేరీ జేన్ విషయంలో మీరన్నది పూర్తిగా నిజం. మొదటి పోస్టులో నేను దాన్ని దాటేశాను, దాటేయకూడదు. కార్లీ కూపర్ మాత్రం పట్టుకుంటుంది, ఆ మాటా చెప్పాలి. పోలీసు మనిషి కాబట్టి ఆధారాలు వెతుక్కుంటూ, ఇతను పీటర్ కాదని తేలుస్తుంది. కానీ తెలుసుకున్నందుకు ఆమెకు దక్కిన ఫలితం స్పైడర్‌మాన్ పాత శత్రువు గాబ్లిన్ చేతికి చిక్కడం. అది నాకూ మింగుడుపడలేదు.

ఆనా మరియా గురించి మీరే రాయండి.

కరీంనగర్_కామిక్స్

ఇంకోటి అడుగుత. అవెంజర్స్ ఏం చేస్తున్నరు? ఐరన్‌మాన్ ఉన్నడు, కెప్టెన్ అమెరికా ఉన్నడు. పక్కల కూసొని తినేటోడు ఒక్కసారిగ అందరిని "మూర్ఖులారా" అని తిట్టుడు మొదలువెట్టి, దొంగలను రక్తాలు కారేటట్టు కొడుతుంటే, ఏమైందిరా అని అడగరా? మా దోస్తుగాడు రెండు రోజులు మౌనంగుంటే మేం ఇంటికి పోయి కూసుంటం.

ప్యానెల్_పిచ్చి

అడిగారు బ్రో. 7, 8 సంచికల్లో లాక్కెళ్లి పరీక్షలు కూడా చేశారు. పెద్దగా ఏమీ తేలలేదని వదిలేశారు. విచిత్రం ఏంటంటే ఆ స్కాన్ చూసుకున్నాకే ఓటోకి పీటర్ ఇంకా లోపలున్నాడని తెలిసింది. అంటే మిత్రులు చేసిన పరీక్షే పీటర్ కొంప ముంచింది. మీరన్నట్టు అవెంజర్స్‌ని తెలివితక్కువవాళ్లుగా చూపించారన్నది మాత్రం ఒప్పుకుంటాను, కథ నడవడం కోసం అలా సర్దేశారు.

నేను బొమ్మల మనిషిని కాబట్టి బొమ్మల గురించి రాస్తా. ముగ్గురు వేశారు: రయన్ స్టెగ్‌మన్, హంబర్టో రామోస్, జుసెప్పే కమున్‌కోలి. రామోస్ గీసే మనుషులు సాగదీసిన రబ్బరులా ఉంటారు, పెద్ద కళ్లు, పెద్ద పాదాలు. చాలామందికి నచ్చదు. కానీ 6వ సంచిక చూడండి. జెస్టర్, స్క్రూబాల్ అని ఇద్దరు ఆకతాయిలు స్పైడర్‌మాన్‌ని అందరి ముందూ ఆటపట్టించి, జనం చేత నవ్విస్తారు. చిన్నప్పటి నుంచి ఎగతాళి పడిన ఓటోకి ఆ నవ్వు ఎక్కడో తగులుతుంది. వాళ్లను కొట్టడం మొదలుపెడతాడు, ఆపడు. కార్టూన్‌లా సరదాగా గీసిన మనుషుల మూతులు పగిలి రక్తం వస్తుంటే, ఆ రబ్బరు గీత వల్లే ఆ దెబ్బలు ఎక్కువ నొప్పిగా కనిపిస్తాయి. వాస్తవంగా గీసి ఉంటే అంత భయపెట్టేది కాదు.

తర్వాత 9వ సంచిక. స్టెగ్‌మన్. ఒకే బుర్రలో ఇద్దరి యుద్ధం. దీని గురించి ఎవరైనా తీరిగ్గా రాయాలి, నాకిప్పుడు బస్సు టైమైంది.

సాలెగూడు_77

నేను రాస్తా. ఈ చర్చ మొదలుపెట్టిందే దానికోసం.

9 అర్థం కావాలంటే 8 గురించి చెప్పాలి. కార్డియాక్ అని ఒక వైద్యుడు, రాత్రుళ్లు ముసుగు వేసుకుని తిరుగుతాడు, పేదలకు రహస్యంగా ఆస్పత్రి నడుపుతుంటాడు. అతని దగ్గర ఎమీ అనే చిన్నపిల్ల ఉంది. మెదడు దెబ్బతింది. దెబ్బతినడానికి కారణం అంతకుముందు డాక్టర్ ఆక్టోపస్ ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలని ఆడిన ఆట. ఆ పిల్లను బతికించగల యంత్రం కూడా ఆక్టోపస్ తయారుచేసిందే. ఓటో ఆ పిల్లను చూస్తాడు. ముసుగు తీయకుండానే తానే శస్త్రచికిత్సకు నిలబడతాడు. చేసిన పాపం మంచం మీద పడుకుని ఉంటే, చేసినవాడే కత్తి పట్టుకుని బాగుచేయడం. పిల్ల కోలుకున్నాక తన పెంగ్విన్ బొమ్మ తీసి అతనికిచ్చేస్తుంది. అంత గర్విష్ఠి, అంత నోరున్నవాడు, ఆ బొమ్మ చేతిలో పట్టుకుని నిలబడిన తీరు చూడాలి.

అప్పుడే అదే యంత్రాన్ని తీసుకుని, పీటర్‌ను బుర్రలోంచి తుడిచేయడానికి వెళ్తాడు.

9లో ఇద్దరూ జ్ఞాపకాల మధ్య కొట్టుకుంటారు. పీటరే గెలుస్తాడనిపిస్తుంది. అప్పుడు ఓటో ఒక్క మాట అడుగుతాడు. ఆ పిల్లకు ఆపరేషన్ చేస్తుంటే నా చెయ్యి పట్టి ఆపబోయింది నువ్వు కాదా? అవును. ఆ యంత్రం వాడితే తాను లోపలున్న సంగతి బయటపడుతుందని, ఒక్క క్షణం, పీటర్ ఆ చేతిని ఆపబోయాడు. ఒక చిన్నపిల్ల ప్రాణం అటు, తన ఉనికి ఇటు. ఒక్క క్షణమే. కానీ పీటర్‌కి ఆ క్షణం చాలు. తన మీద తనకే నమ్మకం పోతుంది, ఓడిపోతాడు.

దీన్ని చాలామంది పీటర్‌కు అవమానం అన్నారు. నాకు మాత్రం పీటర్ ఎవరో ఇంతకంటే బాగా చెప్పిన పేజీ గుర్తు లేదు. ఆ తప్పు మీరో నేనో చేసి ఉంటే ప్రాణభయంలో చేశాంలే అని సర్దుకుంటాం. ఆ మనిషి సర్దుకోలేడు. బెన్ బాబాయి విషయంలో కూడా ఆయన చేసింది అంతేగా, ఒక్క క్షణం దొంగను వదిలేయడం.

మా నాన్న పోయిన రోజు ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి ఫోను నేను ఎత్తలేదు. మీటింగులో ఉన్నాను. రెండోసారి ఎత్తాను. ఎత్తి ఉన్నా ఏమీ మారేది కాదని డాక్టర్లు, ఇంట్లోవాళ్లు అందరూ చెప్పారు. అయినా ఆ మొదటి ఫోను నాతోనే ఉంది. 9వ సంచిక చదువుతుంటే అది గుర్తొచ్చింది. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

చందమామ_పాతసంచిక

సాలెగూడు గారూ, ఆ చివరి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ నాన్నగారికి నమస్కారం.

న్యూజెర్సీ_బావ

తమ్ముడూ, నాకూ అలాంటి ఫోను ఒకటుంది. మనం విడిగా మాట్లాడుకుందాం.

లక్ష్మి_చదువరి

ఆనా మరియా మార్కోని. పీటర్ దేహంలో ఉన్న ఓటోకి ఒక విషయం తట్టుకోలేనిదిగా ఉంటుంది: ఈ పార్కర్‌కి డాక్టరేట్ లేదు! వెంటనే విశ్వవిద్యాలయంలో చేరతాడు. అక్కడ అతనికి పాఠాలు చెప్పడానికి పెట్టిన మనిషి ఈమె. మరుగుజ్జు. ఓటో ఆమెను చూడగానే ఆమె తెలివి చూస్తాడు. అంతే, అంత మామూలుగా రాశారు. ఆమెను జాలిపడే పాత్రగా చేయలేదు, త్యాగమూర్తిని చేయలేదు. వంట బాగా చేస్తుంది, చదువులో గట్టిది, నచ్చనిది మొహం మీదే చెప్తుంది. నవ్వినవాళ్లను ఆమె పట్టించుకోదు. నవ్వులపాలవడం ఏమిటో తెలిసిన ఓటోనే తట్టుకోలేడు.

నాకు ఎడమ కాలు పోలియో. సినిమాల్లో, కథల్లో నాలాంటివాళ్లు వస్తే రెండే దారులు, ఏడిపిస్తారు లేదా నవ్విస్తారు. సూపర్‌హీరో పుస్తకంలో కథానాయకుడు అలాంటి మనిషి వంట తింటూ, లెక్కల గురించి వాదిస్తూ, ఇష్టపడుతూ ఉండటం నేను అంతకుముందు చూడలేదు. పీటర్ పార్కర్ చుట్టూ ఎప్పుడూ అందగత్తెలే. ఓటో వచ్చాకే ఆనా మరియా వచ్చింది. కరీంనగర్ తమ్ముడూ, దొంగ ఇంట్లో దూరాడన్నావు కదా. నిజమే. కానీ ఆ దొంగ తలుపు తీసి ఉంచితే నాలాంటిది కూడా లోపలికి వచ్చింది.

కొత్తగా_చదువుతున్నా

నమస్తే అందరికీ, డిగ్రీ రెండో ఏడు. సినిమాలు తప్ప కామిక్స్ అసలు చదవలేదు. ఇది ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్యానెల్_పిచ్చి

అమేజింగ్ 698 నుంచి 700 వరకు మూడు, తర్వాత సుపీరియర్ 1 నుంచి 31. అంతే.

న్యూజెర్సీ_బావ

32, 33 కూడా ఉన్నాయి. 2014 ఆగస్టులో వచ్చాయి. కానీ అవి 'స్పైడర్‌వర్స్' అనే తర్వాతి పెద్ద కథకు ముందుమాట లాంటివి. 31తో ఆపితే చాలు.

చందమామ_పాతసంచిక

కొత్త అబ్బాయికి ఒక మాట. కనీసం అమేజింగ్ 121వ సంచిక, 1973లో పీటర్ ప్రేయసి గ్వెన్ స్టేసీ చనిపోయినది, ముందు చదవండి. పాఠకులు అప్పుడూ ఇలాగే మండిపడ్డారు. ఇప్పుడు దాన్ని అందరూ గొప్ప కథ అంటారు. అలాగని తిట్లు తిన్న కథలన్నీ కాలం గడిస్తే మంచివైపోతాయని కాదు. 2007లో మేరీ జేన్, పీటర్ల పెళ్లిని సైతానుతో బేరమాడి చెరిపేసిన కథ వచ్చింది. ఇన్నేళ్లయినా అది నాకు ఎక్కలేదు. అందులో పీటర్ బాధ్యత నుంచి తప్పించుకున్నాడు. సుపీరియర్‌లో బాధ్యతే కథ. నాకు ఆ తేడా పెద్దది.

కరీంనగర్_కామిక్స్

నాలుగు దినాలాయె ఈడ రాయక. లక్ష్మక్క రాసింది చదివినంక ఊకెనే ఉండలేకపోయిన. మా చెల్లెకు కూడా కాలు మంచిగుండది. తెప్పిచ్చుకొని చదివిన. 700 కాడికెల్లి 31 దాక, అన్ని.

700 చదువుతుంటె ఏడ్చిన. అది అట్లనే ఉన్నది, ఆ కోపం పోలె. 9 కాడ పుస్తకం మూసి బయటికి పోయి తిరిగొచ్చిన. సాలెగూడన్న చెప్పినట్టే ఉన్నది, అంతకంటె ఎక్కువున్నది.

'గాబ్లిన్ నేషన్' అనే ఆఖరి కథల ఓటో కట్టుకున్నదంత కూలుతది. ఊరంత నిఘా పెట్టిన సాలీడు యంత్రాలు, సైన్యం, దీవి, అన్ని. గాబ్లిన్ గుర్తు కనబడకుంట ఆ యంత్రాలను మార్చేసిన్రు, గందుకే ఊరి కింద గాబ్లిన్ల సైన్యం పెరుగుతున్నా ఓటోకు తెల్వలె. అన్ని చూసేటోడు ముందటున్నది చూడలె. ఆఖరికి ఆనా మరియా గాబ్లిన్ చేతికి చిక్కితె, ఓటోకు సమజైతది, ఆమెను కాపాడుడు తనతోని కాదని. తుడిచేసిన అనుకున్న పీటర్ ఇంకా కొంచెం మిగిలే ఉంటడు. ఓటో తన జ్ఞాపకాలు తనే చెరిపేసుకొని ఒళ్లు ఆయనకు అప్పజెప్పుతడు. ఆనా మరియాను ప్రేమించిన యాది కూడ పోతదని తెలిసి. నేను వాణ్ని దొంగ అన్న. దొంగోడు సొమ్ము తిరిగియ్యడు. వాడిచ్చిండు. గా మాట వరకు నేను వాపస్ తీసుకుంటున్న.

31ల గాబ్లిన్ ఎదురుంగ నిలబడితె స్పైడర్‌మాన్ ఒక జోకేస్తడు. ఆ గాబ్లిన్, నార్మన్ ఆస్‌బర్న్‌కు గా జోకుతోనే తెలిసిపోతది, వచ్చింది ఎవరో. అన్ని సంచికల తిట్లు విన్నంక ఆ ఒక్క జోకు. అర్ధరాత్రి ఒక్కణ్నే గట్టిగ నవ్విన, మా అమ్మ లేచొచ్చి ఏమైందిరా అన్నది.

మేరీ జేన్ ముచ్చట్ల లక్ష్మక్క మాటే నా మాట. 700 కూడ నేను మాఫ్ చెయ్య. అన్నా, వచ్చే ఆదివారం నేను హైదరాబాద్ వస్తున్న. ఆబిడ్స్‌ల ఏ మూలకు దొరికిందో చూపిస్తవా?

సాలెగూడు_77

జనరల్ పోస్టాఫీసు దగ్గరికి పదింటికల్లా రా తమ్ముడూ. నా దగ్గరున్న మొదటి సంపుటి తెస్తాను. అది మీ చెల్లెలికి.